ప్రయాణం మీదికి మనసు లాగే బొమ్మల పుస్తకం: ఏది ఎంచుకోవాలి?

బొమ్మలున్న యాత్రా పుస్తకాలు కొన్నింటిని చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనుకుని మూసేస్తాం. కొన్నింటిని తిప్పుతూ తిప్పుతూ మధ్యలో లేచి క్యాలెండర్ చూస్తాం, సెలవులు ఎప్పుడు కలిసొస్తాయో లెక్కేస్తాం. రెండూ అందమైనవే. కానీ కొత్త ప్రయాణానికి ఊపు కావాలని వెతికేవాళ్లకు పనికొచ్చేది రెండోది. ఆ తేడా ఫోటోల సంఖ్యలో, అట్ట మెరుపులో ఉండదు. ఒక పేజీ దగ్గర ఆగినప్పుడు మనలో ప్రశ్నలు పుట్టాలి: ఇదెక్కడ, ఏ నెలలో ఇలా ఉంటుంది, ఆ కొండ మీదికి ఏ వైపు నుంచి ఎక్కారు? ఆ ప్రశ్నలు పుట్టించి, వాటిలో కొన్నింటికైనా అక్కడే జవాబిచ్చే పుస్తకం కోసమే ఈ పోలికంతా.

ఫోన్‌లో కావలసినన్ని ఫోటోలుండగా పుస్తకం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఫోన్‌లో మనం అడిగిందే వస్తుంది, లేదంటే పదిమందికీ నచ్చింది వస్తుంది. అదే మెట్ల దారి, అదే కిటికీ, అదే కోణం. పుస్తకంలో అడగనిది ఎదురవుతుంది. నార్వే కోసం పేజీలు తిప్పుతుంటే మధ్యలో నమీబియా కనిపిస్తుంది. అక్కడ డెడ్‌వ్లే అనే చోట తెల్లటి బంకమట్టి నేల మీద వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన చెట్లు నల్లటి మోడులై నిలబడి ఉంటాయి, వెనక ఎర్రటి ఇసుక దిబ్బలు. గాలిలో తేమ లేకపోవడంతో ఆ చెట్లు ఇన్నేళ్లైనా కుళ్లిపోలేదు. నార్వే కోసం కూర్చున్నవాళ్లు ఆ రోజు నార్వే దాకా వెళ్లకపోవచ్చు. వెతకనిది దొరికే ఈ సంతోషం కోసమే నేను పుస్తకం వైపు నిలబడతాను. ఎంచుకునేటప్పుడు కూడా ఈ సంతోషానికి చోటిచ్చే పుస్తకం వైపే మొగ్గమంటాను.

పెద్ద ఫోటోల పుస్తకం

కాఫీ టేబుల్ బుక్ అని పిలిచేది ఇదే. ఒళ్లో పెట్టుకుంటే తొడలు నొప్పెట్టేంత బరువు, రెండు పేజీలూ కలిపి పరుచుకున్న ఫోటోలు. సముద్రం అడుగు, అడవి జంతువులు, రాత్రి ఆకాశం, ఎడారి లాంటివాటికి దీన్ని మించింది లేదు. పగడపు దిబ్బ మీద చేపల గుంపును ఎంత బాగా వర్ణించినా, అంత పెద్ద పేజీలో ఒక్క ఫోటో చేసే పని మాటలు చేయలేవు. ఇల్లంతా కలిసి చుట్టూ చేరి చూడగలిగే పుస్తకం కూడా ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, ఫోటో ఆ చోటి తాలూకు అతి మంచి క్షణాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆ ఒక్క క్షణం కోసం ఫోటోగ్రాఫర్ ఎన్ని రోజులు కాపు కాశాడో పేజీలో కనిపించదు. కాబట్టి ఫోటోల పుస్తకం కొనేముందు ఫోటో చదవడం కాస్త తెలిసి ఉండాలి.

టోక్యో ఆకాశహర్మ్యాల వెనక ఫుజి పర్వతం గోడలా లేచి నిలబడిన ఫోటో మీరు చూసే ఉంటారు. ఫుజి అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పొడవాటి టెలిఫోటో లెన్సుతో చాలా దూరం నుంచి తీస్తే ముందున్న భవనాలూ వెనకున్న కొండా ఒకదానికొకటి ఆనుకున్నట్టు కనిపిస్తాయి. ఫోటో అబద్ధమేం కాదు, కానీ వీధిలో నిలబడి తలెత్తితే కనిపించే దృశ్యం మాత్రం అది కాదు. వైడ్ యాంగిల్ లెన్సు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఇరుకు గదిని సభా మండపంలా చూపిస్తుంది. పాలనురుగులా, పట్టుగుడ్డలా జారే జలపాతం షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసింది. ఉత్తర ధ్రువ కాంతుల ఫోటోల్లో కూడా అంతే, కెమెరా కొన్ని సెకన్లపాటు వెలుతురు పోగుచేస్తుంది. మసక వెలుతురులో మన కళ్లకు రంగులు సరిగా ఆనవు, అందుకే కాంతి బలహీనంగా ఉన్న రాత్రి అది బూడిద రంగు మబ్బు తెరలానే కనిపించవచ్చు. ఇక గీజా పిరమిడ్ల ఫోటోల్లో చాలాసార్లు ఇసుక తప్ప ఇంకేమీ ఉండదు. నిజానికి ఊరు ఆ పీఠభూమి అంచుదాకా వచ్చేసింది, కెమెరాను ఎడారి వైపు తిప్పి తీస్తారు.

ఇదంతా నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. తెలిసి వెళ్లినవాళ్లు ధ్రువ కాంతి లేత పచ్చగా కదిలినా పొంగిపోతారు. తెలియక వెళ్లినవాళ్లు పుస్తకంలోని రంగు కోసం ఆకాశమంతా వెతుక్కుని నీరసపడతారు. మంచి ఫోటోల పుస్తకం ఈ సంగతులు తనే చెబుతుంది.

ఎక్కడ చెబుతుందంటే ఫోటో కింది రెండు లైన్లలో, అంటే క్యాప్షన్‌లో. నా దృష్టిలో ఫోటోల పుస్తకానికి ప్రాణం అదే. బొలీవియాలోని ఉయూని ఉప్పు మైదానాన్నే తీసుకోండి. 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉప్పు నేల. ఆకాశం మొత్తం కాళ్ల కింద అద్దంలో కనిపించే ఫోటో లేని ప్రపంచ యాత్రా పుస్తకం అరుదు. అలా కనిపించాలంటే ఉప్పు మీద పలుచగా నీళ్లు నిలవాలి, గాలి లేకుండా ఉండాలి. నీళ్లు నిలిచేది వానల కాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి మధ్య. జులైలో వెళ్తే అద్దం ఉండదు. దాని బదులు ఎండిన ఉప్పు షట్కోణాలుగా పగిలి, కనుచూపు మేర గచ్చు పరిచినట్టు ఉంటుంది, అది కూడా చూడదగ్గదే. పైగా ఆ చోటు సముద్ర మట్టానికి 3,650 మీటర్లకు పైన ఉంది, అలవాటు లేనివాళ్లకు మొదటి రోజు తల దిమ్ముగా ఉండి ఊపిరి ఎగపోస్తుంది. ఒక పుస్తకం ఈ ఫోటో కింద "సూర్యాస్తమయం, బొలీవియా" అని రాసి ఊరుకుంటుంది. ఇంకో పుస్తకం నెల, ఎత్తు చెప్పి, ఎండు కాలపు ఫోటో ఇంకొకటి పక్కన చిన్నగా వేస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే ఫోటో కాస్త తక్కువ మెరిసినా రెండోదే తీసుకోండి.

గీసిన బొమ్మల పుస్తకం

పెన్ను గీతలు, నీటిరంగులు, చేత్తో గీసిన మ్యాపులు ఉన్న పుస్తకాల్ని చాలామంది పక్కన పెట్టేస్తారు, ఫోటోలున్న కాలంలో ఇవెందుకని. ప్రయాణానికి పురిగొల్పే విషయంలో మాత్రం చాలాసార్లు ఇవే గెలుస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. ఫోటో అంతా పూర్తి చేసి చేతికిస్తుంది. గీసిన బొమ్మలో గీసినవాడు ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటాడు: ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని వదిలేస్తాడు, గేటు పక్కనున్న రాతి గోడను మాత్రం రాయి రాయిగా గీస్తాడు. ఆ గోడ దగ్గర అతను ఎంతోసేపు కూర్చున్నాడని మనకు తెలుస్తుంది. మనమూ అక్కడ కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద ఆయన చేసిన సచిత్ర మార్గదర్శులు 1955 నుంచి 1966 వరకు ఏడు సంపుటాలుగా వచ్చాయి. ఆయన వృత్తి కెండల్ పట్టణ పురపాలక కార్యాలయంలో ఖజానా లెక్కలు. సెలవు రోజుల్లో కొండలెక్కి, ఖాళీ సమయాల్లో పేజీలు తయారుచేసేవాడు. ఆ పుస్తకాల్లో బొమ్మలే కాదు, చదివే మాటలు కూడా ఆయన చేతిరాతే, పేజీ మొత్తాన్ని చేత్తో రాసి అలాగే అచ్చు వేశారు. ఒక కొండ ఎక్కే దారి ఉన్న పేజీ చూడండి. కింద, బయల్దేరే చోట దారి మ్యాపులా ఉంటుంది: గోడలు, వాగులు, గేట్లు. పైకి వెళ్లేకొద్దీ మ్యాపు మెల్లగా లేచి నిలబడి బొమ్మ అయిపోతుంది. పేజీ పై అంచుకు చేరేసరికి ఎదురుగా నిలబడి చూసినట్టు కొండ శిఖరం. ఏ ఫోటో, ఏ మామూలు మ్యాపు ఒక్కటిగా ఈ పని చేయలేవు. కళ్లతోనే సగం దూరం ఎక్కేస్తాం. ఆ పుస్తకాల్లో ఉన్నవి 214 కొండలు. ఈ రోజుకీ ఆ 214నీ ఒక్కొక్కటిగా ఎక్కి పూర్తిచేయడం పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ఆ కొండల్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పుస్తకం మనిషిని ఇంట్లోంచి లేపి నడిపించగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం నాకు కనిపించలేదు.

అలాగని గీసిందంతా నమ్మదగ్గదని కాదు. జపాన్‌లో ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్లే తొకైదో రహదారి మీది 53 మజిలీలను హిరోషిగే అనే చిత్రకారుడు 1830లలో చెక్క అచ్చు బొమ్మలుగా గీశాడు. మొదలూ చివరా కలిపి మొత్తం 55 బొమ్మలు. షోనో మజిలీ బొమ్మలో ఉన్నట్టుండి వాన విరుచుకుపడుతుంది, పల్లకీ మోసేవాళ్లు వాలు మీద పైకి పరుగెడుతుంటారు, గొడుగు పట్టుకున్నవాడు కిందికి, వెనక చెట్లు బూడిద రంగు నీడల్లా వంగిపోయి ఉంటాయి. ఆ దారిన పోవాలనిపించకపోతే ఆశ్చర్యం. అదే వరుసలో కంబారా ఊరి బొమ్మ మోకాలి లోతు మంచులో నిశ్శబ్దంగా ఉంటుంది. వరుసంతటిలో బాగా పేరుపొందిన బొమ్మల్లో అదొకటి. కానీ కంబారా వెచ్చటి సముద్ర తీరంలో ఉన్న ఊరు, అంత మంచు అక్కడ అరుదు. చిత్రకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది. టికెట్లు తీసుకునే ముందు మాత్రం వాతావరణం వేరేచోట సరిచూసుకోవాలి.

గీసిన బొమ్మల పుస్తకానికి ఇంకో బలహీనత కూడా ఉంది. ఒకే మనిషి చూపు కాబట్టి ఆ మనిషి నచ్చకపోతే పుస్తకమే నచ్చదు. కొనేముందు నాలుగైదు పేజీలు చదివి, ఈ మనిషితో వారం రోజులు తిరగగలనా అని ఆలోచించండి.

సచిత్ర గైడ్‌బుక్

ఎక్కడికి వెళ్లాలో తేలిపోయినవాళ్లకు ఇది. ఇందులో మెచ్చుకోవలసింది భవనాన్ని నిలువునా కోసి లోపలంతా చూపించే బొమ్మ. పెద్ద చర్చి, కోట, రాజభవనం లాంటివి బయటి ఫోటోలో ఒక ముఖమే చూపిస్తాయి. కోత బొమ్మలో నేలమాళిగ నుంచి గోపురం కలశం దాకా ఏ మెట్లు ఎక్కడికి తేలతాయో కనిపిస్తుంది. లోపలికి వెళ్లాక ఎక్కువమంది చూడకుండా దాటిపోయే మూల ఏదో ముందే తెలుస్తుంది. అలాగే ఒక్కో వీధిని ఏటవాలుగా పైనుంచి చూసినట్టు గీసిన మ్యాపులు కూడా.

కానీ ఊపు కోసం అయితే ఇది మొదటి పుస్తకం కాదు. పేజీలో పది చిన్న ఫోటోలు, ఇరవై గుర్తులు, అన్నిటి పక్కనా నంబర్లు ఉండటంతో కన్ను ఎక్కడా నిలవదు. పైగా వేళలు, టికెట్లు త్వరగా పాతబడతాయి. కొన్నిచోట్ల భవనమే మారుతుంది: బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా పని 1882లో మొదలై తరాలు దాటి సాగుతూ వచ్చింది, దాని కోత బొమ్మ ఏ సంవత్సరపు పుస్తకంలో చూస్తే ఆ సంవత్సరపు రూపంలోనే ఉంటుంది. గైడ్‌బుక్ కొంటే కొత్త ముద్రణే కొనాలి, ఇందులో రాజీ వద్దు.

ఒక దారి పట్టుకుని నడిచే పుస్తకం

నిజం చెప్పాలంటే చాలామందికి నేను ముందుగా చెప్పేది ఈ రకం. ఒక నది పుట్టుక నుంచి సముద్రం దాకా, ఒక రైలు మార్గం మొదటి స్టేషన్ నుంచి చివరి స్టేషన్ దాకా, ఒక పాత యాత్రా మార్గం పొడవునా సాగే పుస్తకాలు. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ దాకా 9,289 కిలోమీటర్లు సాగే రైలు దారి కావచ్చు, ఫ్రాన్స్ సరిహద్దులో మొదలై స్పెయిన్ పడమటి కొసన సాంతియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు నడిచే దారి కావచ్చు. ఇలాంటి పుస్తకంలో ఒక పేజీకి తర్వాతి పేజీ ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. విడి విడి అందాలు కాకుండా కొండ దిగితే పల్లె, పల్లె దాటితే వంతెన అన్నట్టు నేల కలిసి కనిపిస్తుంది. మొత్తం దారి పోనక్కర్లేదు. మూడు రోజుల ముక్క ఒకటి తీసుకుని వెళ్లి రావచ్చు, మిగతాది మరో ఏడాదికి మిగులుతుంది. ప్రయాణం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లకు ఇందులో మొదలు అచ్చులోనే ఉంటుంది.

"చూసి తీరాల్సిన వెయ్యి చోట్లు"

ఈ జాబితా పుస్తకాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కో చోటికి ఒక ఫోటో, నాలుగు వాక్యాలు, అన్నింటికీ ఒకే స్వరం. కొత్త పేర్లు తెలియడానికి లైబ్రరీలో ఒక సాయంత్రం తిరగేస్తే చాలు. కొని ఇంట్లో పెట్టుకుంటే మాత్రం వెళ్లనివాటి లెక్క పెరుగుతూ అనవసరపు టెన్షన్ పెడుతుంది. ఒకే అంశం పట్టుకున్న జాబితాలు, అంటే దీవులు, లైట్‌హౌస్‌లు, తోటలు లాంటివి, వీటికన్నా ఎంతో నయం.

ఇదే వరుసలో ఇంకో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఈమధ్య ఎవరూ వెళ్లకుండా, కంప్యూటర్‌తో రాయించి, ఎక్కడెక్కడివో ఫోటోలు అతికించిన యాత్రా పుస్తకాలు వస్తున్నాయి. అట్ట చూసి పోల్చుకోలేం. రచయిత గురించి రెండు వాక్యాల వివరమైనా ఉందా, ఆ పేరుతో ఇంకేమైనా రాశాడా, ఫోటోలు ఎవరివో చివర్లో ఇచ్చారా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒకే పేరు మీద కొద్ది నెలల్లో ఇరవై దేశాల పుస్తకాలు వచ్చి ఉంటే దూరంగా ఉండండి.

పాత పుస్తకం

పాత యాత్రా పుస్తకాల్లోని చెక్కుడు బొమ్మలు, రాతి అచ్చు బొమ్మలు మరో లోకం. డేవిడ్ రాబర్ట్స్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు 1838, 39లలో ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాలు తిరిగి గీసిన దృశ్యాలు 1840లలో పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి, ఇప్పటికీ మళ్లీ మళ్లీ ముద్రణలు వస్తూనే ఉన్నాయి. అందులో అబూ సింబెల్ ఆలయం నైలు ఒడ్డున, ఇసుక మేటలు వేసి ఉంటుంది. ఇప్పుడు మనం వెళ్తే చూసేది అదే ఆలయం, కానీ అదే చోట కాదు. అస్వాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా 1964, 68 మధ్య ఆలయాన్ని ముక్కలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తుకు, 200 మీటర్లు వెనక్కి తరలించారు. పాత బొమ్మ చేతిలో పట్టుకుని అక్కడ నిలబడితే, నిజంగా చూడాల్సిన చోటు ఎదురుగా ఉన్న సరస్సు అడుగున ఉంది.

పాత పుస్తకం ఇచ్చే సంతోషం ఇదే, ఒకే ప్రయాణంలో రెండు కాలాలు. అందుకే దీన్ని జంట పుస్తకంగా ఎంచుకోండి, పక్కన కొత్తదొకటి ఉండాలి. ఎందుకంటే పాతబడటానికి వందేళ్లు అక్కర్లేదు. మాల్టాలోని గోజో దీవి ఫోటోలన్నింటిలో కనిపించే రాతి కమాను 2017 మార్చిలో తుఫానుకు సముద్రంలో కూలిపోయింది. ఇంగ్లండ్‌లో రోమన్ గోడ పక్కన రెండు దిబ్బల నడుమ ఒంటరిగా నిలబడి ఎన్నో అట్టల మీదికెక్కిన సికమోర్ చెట్టును 2023 సెప్టెంబర్‌లో నరికేశారు. పారిస్ నోత్ర్‌దామ్ 2019 ఏప్రిల్‌లో కాలి, 2024 డిసెంబర్‌లో తిరిగి తెరుచుకుంది. పుస్తకం మొదట్లో హక్కుల పేజీ మీద మొదటి ముద్రణ ఏ ఏడాదో చూడండి. "కొత్త ముద్రణ" అని అట్ట మీద ఉన్నా లోపలి ఫోటోలు పాతవే కావచ్చు.

చేతిలోకి తీసుకున్నాక

కుదిరితే కొనేముందు పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. బల్ల మీద పెట్టి మధ్యకు తెరవండి. కాగితాల్ని కట్టలుగా మడిచి దారంతో కుట్టిన బైండింగ్ అయితే పేజీలు దాదాపు చదునుగా పరుచుకుంటాయి. జిగురుతో అంటించిందైతే మధ్యలో లోయలా దిగిపోతుంది, రెండు పేజీల ఫోటోలో సరిగ్గా మధ్యనున్న శిఖరమో మనిషో ఆ లోయలో పడి మాయమవుతారు. గట్టిగా నొక్కి తెరిస్తే ఏడాది తిరక్కుండానే పేజీలు ఊడతాయి. చూసి చూసి పాతబడాల్సిన పుస్తకానికి ఈ ఒక్క సంగతి చాలా ముఖ్యం.

మెరిసే కాగితం మీద రంగులు లోతుగా కనిపిస్తాయి, కానీ దీపం కింద కూర్చుంటే వెలుతురు తిరిగి కళ్లలో కొడుతుంది. రాత్రిపూట చదివేవాళ్లు మెరుపు లేని మ్యాట్ కాగితం తీసుకోవడం మంచిది. గీసిన బొమ్మలకైతే కాస్త గరుకుగా ఉండే కాగితమే అందం. వెలుతురుకెదురుగా ఒక పేజీ ఎత్తి చూడండి, వెనక పేజీ బొమ్మ తొంగిచూస్తే కాగితం పలుచన అన్నమాట.

ట్యాబ్‌లో చదివే ప్రతి ఎలా ఉంటుందని అడిగితే, గైడ్‌బుక్‌కు చాలా బాగుంటుంది. వెంట బరువుండదు, పేరు కొడితే పేజీ వస్తుంది, మ్యాపు పెద్దది చేసుకోవచ్చు. పెద్ద ఫోటోల పుస్తకం మాత్రం తెర మీద సగానికి విరిగిపోతుంది. నలుపు తెలుపు ఈ-రీడర్‌లో అయితే ఆ ఊసే వద్దు.

తెలిసిన చోటు తీయండి

పుస్తకం నిజాయితీ తెలుసుకోవడానికి నేను చేసే మొదటి పని, నాకు బాగా తెలిసిన చోటి పేజీ తీయడం. మీకు తెలిసిన ఊరో, కొండో, నదో అందులో ఎలా చూపించారో చూడండి. ఎప్పుడూ అరిగిపోయిన ఆ ఒక్క కోణమేనా? అక్కడ మీరు ఇష్టపడే వేళ, ఇష్టపడే మూల ఏదైనా పట్టుకున్నారా? పేరు సరిగ్గా రాశారా? తెలిసిన చోట జాగ్రత్తగా ఉన్న పుస్తకం తెలియని చోట కూడా జాగ్రత్తగానే ఉంటుంది.

తర్వాత ఫోటోల్లో మనుషులున్నారేమో చూడండి. ఊరి ఫోటోలన్నీ తెల్లవారుజామున ఖాళీగా ఉన్నవే అయితే ఆ ఊరి అసలు చప్పుడు మీకు తెలియదు. వాన పడే రోజు, మబ్బు రోజు ఒక్కటైనా ఉంటే ఆ పుస్తకాన్ని ఎక్కువ నమ్మొచ్చు. ఇంకా, పేరుమోసిన చోట్లకు ఇప్పుడు ఎలా వెళ్లనిస్తున్నారో చెప్పిందా? పెరూలోని పాత రాతి నగరం మచు పిచ్చు అనగానే మన కళ్ల ముందు నిలిచే దృశ్యం పైనున్న కాపలా గుడిసె దగ్గర నుంచి తీసింది. అందులో వెనక కనిపించే నిటారు శిఖరం పేరు హువాయ్నా పిచ్చు. ఇప్పుడు టికెట్ తీసుకునేటప్పుడే ఏ దారిలో తిరుగుతామో ఎంచుకోవాలి, అన్ని దారులూ ఆ చోటికి వెళ్లవు. థాయ్‌లాండ్‌లోని మాయా బే జనం తాకిడికి పగడాలు దెబ్బతిని 2018లో మూతపడి, 2022 మొదట్లో మళ్లీ తెరుచుకుంది. బొమ్మలే జనాన్ని అక్కడికి తోలాయి కాబట్టి, వెళ్లి ఎలా మసలుకోవాలో కూడా బొమ్మల పుస్తకమే చెప్పడం న్యాయం.

మీకు ఏది?

ఎక్కడికి వెళ్లాలో ఏమీ తోచనివాళ్లు, దారి పట్టుకుని నడిచే పుస్తకం లేదా ఒకే అంశం మీదున్న ఫోటోల పుస్తకం తీసుకోండి. దేశం తేలింది, అందులో ఏ మూలకో తేలలేదు అంటే, ఆ ఒక్క ప్రాంతం మీద ఒక్క మనిషి చేసిన పుస్తకం వెతకండి, గీసిందైతే మరీ మంచిది. తేదీలు కూడా తేలిపోతే సచిత్ర గైడ్‌బుక్, కొత్త ముద్రణ. పిల్లలతో కలిసి చూడాలంటే జంతువులు, ఓడలు, కోటలు గీసిన పెద్ద మ్యాపుల పుస్తకం. వాళ్లు వేలు పెట్టి అడిగే చోటు మనకెప్పుడూ తట్టని చోటై ఉంటుంది, దాన్ని కొట్టిపారేయకండి. ఒంట్లో బాగాలేకో, ఇంటి బాధ్యతలతోనో ఇప్పట్లో కదలలేనివాళ్లకు ఫోటోల పుస్తకం ఒక్కోసారి బాధ పెడుతుంది. మాటలు ఎక్కువగా ఉండి, మధ్య మధ్యలో బొమ్మలున్న యాత్రా రచన అయితే వాళ్లను మెల్లగా వెంటబెట్టుకు పోతుంది. బహుమతిగా ఇవ్వాలంటే, తీసుకునేవాళ్లు ఇదివరకు వెళ్లి వచ్చి ఇష్టంగా చెప్పుకునే చోటి పుస్తకం ఇవ్వండి. వెళ్లని చోటిది ఇస్తే అది మీ ఇష్టమే అవుతుంది.

దొరికిన పుస్తకాన్ని మొదటిరోజే మొత్తం చూసేయకండి. మనసు ఆగిన పేజీలో చిన్న చీటీ పెట్టి, దాని మీద నెల, దగ్గరి పట్టణం రాసుకోండి. వారం పోయాక చీటీలన్నీ మళ్లీ తీసి చూస్తే కొన్ని పేజీలు చల్లబడిపోయి ఉంటాయి. ఇంకా లాగుతున్నవి రెండో మూడో మిగిలితే అవే మీ ప్రయాణాలు. వాటికి మాత్రమే దూరాలు, ఖర్చులు, అనుమతులు వెతకడం మొదలుపెట్టండి.

చివరికి రెండు పుస్తకాల మధ్య ఎటూ తేలకపోతే, ఫోటోలను పక్కన పెట్టి మ్యాపులు చూడండి. ప్రతి అధ్యాయానికీ ఒక మ్యాపు ఉండి, ఫోటో తీసిన చోట్లు దాని మీద గుర్తించిన పుస్తకం తీసుకోండి. ఒక్కదానిలోనూ మ్యాపు లేకపోతే రెండూ అక్కడే వదిలేసి ఇంకొంచెం వెతకండి, ఇంతకన్నా మంచివి తప్పకుండా ఉన్నాయి.